జెఫ్ బెక్ గిటార్: పిక్‌తోనా, వేళ్లతోనా? ఏది మేలు?

విజయనగరంలో పెరిగినవాళ్ల చెవిలో వయొలిన్ పడకుండా ఉండదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు మరి. అందుకేనేమో, రాక్ గిటారిస్టుల్లో నాకు ప్రాణమైన జెఫ్ బెక్‌ని కూడా గమకం వెతుక్కుంటూనే వింటాను. ఆయనవి రెండు కాలాలు. మొదట్లో పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో వాయించాడు. 1980ల్లో దాన్ని వదిలేసి, 2023లో పోయేదాకా దాదాపు ఉత్తి వేళ్లతోనే వాయించాడు.

పిక్ కాలంలో ఊపు ఎక్కువ. 1965లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వెళ్లిపోయాక యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో చేరాడు. ఆ ఏడాదే ఒక పాటకు సితార్ వాయించే ఆయన్ని పిలిపించి రికార్డు చేశారు. చివరికి ఉంచింది మాత్రం బెక్ ఫజ్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి గిటార్ మీద వాయించిన ముక్కనే. 1975 నాటి 'బ్లో బై బ్లో' ఆల్బమ్ దాదాపు అంతా వాద్యసంగీతమే, అయినా అమెరికా చార్టులో 4వ స్థానం దాకా వెళ్లింది. రాక్ కొత్తగా వినేవాళ్లకు నేను ముందు ఇచ్చేది ఇదే.

కానీ నా మనసు రెండో కాలం వైపే. బొటనవేలితో తీగ మీటుతూ, చిటికెనవేలితో వాల్యూమ్ నాబ్ తిప్పుతాడు. మీటిన దెబ్బ వినిపించదు, కమాను తగిలినట్టు స్వరం మెల్లగా పైకొస్తుంది. అదే చేత్తో తన స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి ఉన్న ట్రెమొలో కడ్డీని (శ్రుతిని పైకీ కిందికీ కదిపే కడ్డీ) నొక్కుతూ, లేపుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారతాడు. మన విద్వాంసులు ఎడమచేతి వేళ్లతో తెచ్చే జారుని ఈయన కుడిచేత్తో తెస్తాడు! 1989లో 'గిటార్ షాప్' ఆల్బమ్‌కు చేసిన 'వేర్ వర్ యూ' వినండి. బల్గేరియా ఆడవాళ్ల బృందగానం విని కదిలిపోయి చేసిన ముక్క అది. కడ్డీ రవ్వంత ఎక్కువ నొక్కితే శ్రుతి పోతుంది. వింటున్నంతసేపూ మనకే టెన్షన్. ఆయన చెయ్యి మాత్రం తడబడదు.

తేడా తేల్చుకోవాలంటే ఒక దారి ఉంది. అమెరికా గాయకుడు స్టీవీ వండర్ కట్టిన ఒక నెమ్మది పాటని బెక్ 1975 ఆల్బమ్‌లో వాయించాడు. 2007లో లండన్ రానీ స్కాట్స్ క్లబ్‌లో, 63 ఏళ్ల వయసులో మళ్లీ వాయించాడు. రెండూ వరసగా పెట్టుకోండి. వాల్యూమ్‌తో స్వరాన్ని ఊదినట్టు తెచ్చే పని మొదటిదాంట్లో అప్పటికే ఉంది. అక్కడ గిటార్ బాగా ఏడుస్తుంది. రెండోదాంట్లో మాట్లాడుతుంది, ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. నేను 2007దే ఎంచుకుంటాను.