పికప్ బండికే పికప్ పోతే: ముందు ఫిల్టర్లా, స్కానరా?

చిత్తూరులో మామిడి లోడెక్కించుకుని పలమనేరు వైపు బయల్దేరితే, మొగిలి ఘాట్‌లో బండి అసలు సంగతి బయటపడుతుంది. పోయిన సీజన్‌లో మా డీజిల్ పికప్ రెండో గేర్‌లో కూడా మూలిగింది. ఫిల్టర్లు మార్చేద్దామా, ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టిద్దామా అని ఇంట్లో ఒకటే తర్జనభర్జన.

ఖర్చు: ఫిల్టర్లు ఎలాగూ మార్చాల్సినవే, డబ్బు వృథా పోదు. స్కానింగ్‌కి ఇచ్చేది లోపం చూపించినందుకే, రిపేరు బిల్లు వేరే.

శ్రమ: ఎయిర్ ఫిల్టర్ మనమే తీసి చూసుకోవచ్చు. డీజిల్ ఫిల్టర్ మారిస్తే మాత్రం లైన్లో గాలి తీయాలి, లేదంటే బండి స్టార్టవ్వక సతాయిస్తుంది.

రిస్క్: దెబ్బ తినేది ఇక్కడే. స్కానర్‌లో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ప్రెషర్ తక్కువని వస్తే, కొందరు టర్బోనే మార్చేయమంటారు. మాకూ అదే చెప్పారు. తీరా చూస్తే, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు దగ్గర చీలి ఉంది, చుట్టూ నూనె జిడ్డు. రేజ్ చేస్తే బుస్సుమని గాలి! పైపు ఒక్కటే మార్చాం. అలాగని ఊహ మీద ఫిల్టర్లే మారుస్తూ పోతే సెన్సర్ లోపం ఎప్పటికీ దొరకదు.

నల్ల పొగ వస్తూ ఇంజిన్ లైటు వెలగకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్, పైపులు చూడండి. లైటు వెలిగి, ఎంత తొక్కినా వేగం ఓ హద్దు దాటకపోతే నేరుగా స్కానర్. ఇంజిన్ అరుపు పెరిగినా బండి కదలకపోతే రెండూ వద్దు, క్లచ్ ప్లేట్ చూపించండి.