ఏఎస్‌కే 21 గ్లైడర్: గాలి ఉన్న రోజున 90 చాలదు

మధ్య జర్మనీలో ఒక చిన్న క్లబ్బులో రెండేళ్లుగా గ్లైడర్ నేర్చుకుంటున్నాను. దాదాపు అన్ని గంటలూ ఏఎస్‌కే 21లోనే గడిచాయి. ఇది ఎలా ఎగురుతుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇది ఎలా దిగుతుందో, అందులోనూ గాలి గట్టిగా వీచే రోజున ఎలా దిగుతుందో రాస్తాను. ఇంజిను లేని వాహనం ఇది. అంచనా తప్పితే మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావడం కుదరదు.

రుడాల్ఫ్ కైజర్ రూపొందించిన ఈ గ్లైడర్‌ను ష్లైకర్ కంపెనీ తయారుచేసింది. తొలిసారి ఎగిరింది 1979లో. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, 17 మీటర్ల రెక్కలు, ముందు శిష్యుడు, వెనుక గురువు. ముందు సీటులో కూర్చోగానే కళ్లకు ఎదురుగా వేగం చూపే మీటరు ఉంటుంది. దాని మీద 90 కిలోమీటర్ల దగ్గర చిన్న పసుపు త్రికోణం. దిగేటప్పుడు వేగం అంతకంటే తగ్గకూడదని దాని అర్థం. రెక్కలు ఇక బరువు మోయలేక గ్లైడర్ కిందికి జారిపోయే వేగాన్ని స్టాల్ వేగం అంటారు. ఇద్దరు కూర్చున్నప్పుడు అది 70కి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, జాగ్రత్త కోసం దాని మీద ఇంచుమించు మూడో వంతు అదనంగా పెట్టుకున్నట్టు అన్నమాట. అది ప్రశాంతమైన రోజు లెక్క.

ఇంతకు ముందు నేను ఎగిరిన చోట గాలి ఉంటే "కాస్త ఎక్కువ పెట్టుకోండి" అనేవారు. కాస్త అంటే ఎంతో, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ అస్పష్టత నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఇక్కడి గురువుగారు మొదటి రోజే కాగితం మీద రాయించారు: ఎదురుగాలి వేగంలో సగం, దానికి తోడు గాలి విసిరినప్పుడు మామూలు కంటే ఎంత పెరిగితే అంత, 90కి కలపాలి. మార్చిలో ఒకరోజు ఎదురుగాలి 30, విసిరినప్పుడు 40. అంటే 90కి 15, మరో 10 కలిపి 115.

ఎందుకో అర్థమయింది మా ఊరి కళ్లం గుర్తొచ్చాక. తూర్పారపట్టేటప్పుడు నాన్న ఎత్తుపీట ఎక్కి, చేట తలపైకి ఎత్తి ధాన్యం వదిలేవారు. నేల దగ్గర గాలి చాలదు, పైన ఉంటుంది. గ్లైడర్ దిగేటప్పుడు ఆ ఎత్తుపీట మీంచి కిందికి వస్తున్నట్టే. పైన 30తో వీచే ఎదురుగాలి నేల దగ్గర 15 అయితే, రెక్కల మీదుగా పారే గాలిలో ఆ 15 కొద్ది క్షణాల్లోనే పోతుంది. గ్లైడర్ బరువైనది, అంత తొందరగా వేగం పుంజుకోలేదు. ఎయిర్‌బ్రేకులు (కిందికి దిగడానికి రెక్కల మీద లేచే పలకలు) తెరిచి ఉంటే స్టాల్ వేగం ఇంకాస్త పైకి జరుగుతుంది కూడా.

ఆ మార్చి రోజున, దిగడానికి ఎదురుగాలిలోకి మలుపు తిరగకముందు, గాలి వెనుక నుంచి తోస్తున్నప్పుడు నేల పరుగెత్తుతోంది. వేగం ఎక్కువైందనిపించి ముక్కు పైకి ఎత్తాను. "నేలను కాదు, మీటరును చూడు" అన్నారు గురువుగారు వెనుక నుంచి. ముల్లు 95 మీద ఉంది. కళ్లు చేసే ఈ మోసం గురించి ఎంత చెప్పినా తక్కువే. ముక్కు దించి, మైదానానికి మామూలు కంటే దగ్గరగా, ఎత్తుగా ఉండగానే మలుపు ముగించాను. ఎదురుగాలిలో దిగే దారి నిటారుగా ఉంటుంది, దూరం పోతే చేరలేం. 115 పట్టుకుని చెట్ల ఎత్తుకు వచ్చేసరికి ముల్లు ఒక్కసారిగా 98కి పడింది. ముక్కు దించడానికి స్టిక్ (నడిపే కర్ర) కాస్త ముందుకు నెట్టాను. 90తోనే వచ్చి ఉంటే అక్కడ మిగిలేది 73.

ఈ పాఠం నేర్చుకోవడానికి ఏఎస్‌కే 21 నిజంగా మంచి బడి. ట్రిమ్ (చేతితో పట్టి ఉంచకపోయినా ఒకే వేగం నిలిపే అమరిక) సరిచేస్తే చెప్పిన వేగం వదలదు. ఎయిర్‌బ్రేకులు బలమైనవి. వేగం కాస్త మిగిలినా నేల మీద తేలుతూ పోకుండా ఆపుతాయి. అయినా భయంతో 130 పెట్టుకుంటే చిన్న మైదానం చివర కంచె మీదికి వెళ్తారు. ఎయిర్‌బ్రేకుల లీవరును చివరిదాకా లాగితే చక్రం బ్రేకు కూడా పడుతుంది కాబట్టి, దాన్ని ఆఖరు వరకు లాగి నేల తాకకండి.

నాకున్న అభ్యంతరం ఒకటే, ఇది మరీ మంచిది. తోకకు బరువులు కట్టకపోతే స్పిన్‌లోకి (స్టాలై గిరగిరా తిరుగుతూ పడిపోవడం) పోవడానికి మొండికేస్తుంది. నెమ్మదిగా వచ్చిన శిష్యుణ్ని చాలాసార్లు క్షమించేస్తుంది. వేరే గ్లైడర్ ఎక్కినప్పుడు ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే దీనిలోనైనా సరే వించి తాడు (గ్లైడర్‌ను పైకి లాగే యంత్రపు తాడు) తగిలించకముందే ఆనాటి వేగం ఎంతో బిగ్గరగా చెప్పండి. మా క్లబ్బులో వెనుక సీటు నుంచి "సరే" అని వినబడితేనే రెక్క పట్టుకున్నవారు దాన్ని నేల మీంచి లేపుతారు.