ఫాల్గుణ మాసంలో శేషాచలం పూలు: ఏ దారిన వెళ్లాలి?

శేషాచలం కొండల్లో వసంతం ఉగాది దాకా ఆగదు. ఫిబ్రవరి చివరికే ఆకులు రాల్చిన చెట్లు పూతకు వస్తాయి కాబట్టి, పూల కోసం వెళ్లేవారు కొమ్మల వైపు చూస్తూ నడవాలి.

ఈ కాలంలో నేను అన్నిటికన్నా ముందుగా చెప్పేది తిరుమల అడవిలోని పుణ్యతీర్థం, తుంబురు తీర్థం. ఫాల్గుణ పౌర్ణమి నాటి తీర్థ ముక్కోటికి, అంటే అక్కడి పుణ్యస్నానాల పండుగకు, యాత్రికులను ఆ అడవిలోకి అనుమతిస్తారు గనుక, తేదీ చూసుకుని తిరుమలలో గదికి ముందుగానే ప్రయత్నించాలి. పాపవినాశనం దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి సుమారు 7 కిలోమీటర్లు బండల మీదుగా ఎక్కుతూ దిగుతూ నడవాలి. దేవస్థానం వారి అన్నప్రసాదం, తాగునీటి ఏర్పాట్లు మెచ్చుకోదగినవి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని వారు చేసే హెచ్చరికను తప్పక పాటించాలి.

ఆ దారిలో కొండగోగు చెట్టు దగ్గర తీరిగ్గా ఆగి చూడండి. ఆకు అన్నది లేని కొమ్మల కొసన అరచేతి వెడల్పున పసుపుపచ్చని పూలు, వాటి నడుమ గుత్తిగా కేసరాలు ఉంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కేసరాల కొసనున్న సన్నని రంధ్రాల లోపల దాగి ఉంటుంది. గండుతుమ్మెద వాలి, పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరించినప్పుడే అది బయటికి రాలుతుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నాక చెట్టు కనబడకముందే చెవి దాన్ని పసిగడుతుంది.

అంత నడవలేనివారికి శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు ఉంది. మెట్లు 2388, అలిపిరి దారి 3550 మెట్ల కన్నా తక్కువే అయినా ఎక్కుడు నిటారుగా ఉంటుంది. సామాను పైకి చేర్చే సదుపాయం ఉంది గానీ, పూలు చాలావరకు దూరం నుంచే కనిపిస్తాయి.

తలకోన రాత్రి బసకు అనువైనది. 270 అడుగుల జలపాతం మార్చికి సన్నబడినా, వెళ్లే దారిలో మోదుగ చెట్లు నిప్పురంగులో విరబూసి ఉంటాయి. హోలీకి రంగు తీసేది ఈ పూల నుంచే. మేము దిగిన ఒక ప్రైవేటు బసలో వేడినీళ్లు, రాత్రి భోజనం ఉంటాయని చెప్పి రెండూ ఇవ్వలేదు. అందువల్ల అటవీ శాఖ అతిథి గృహంలో గది దొరికితేనే అక్కడ రాత్రి ఉండండి. లేకుంటే తిరుపతి నుంచి ఉదయాన్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావడం మేలు.