ఆరేళ్లుగా ఎక్స్‌ఫ్యాట్: ఒకే డిస్కు, మూడు కంప్యూటర్లు

మాది పెళ్లి వీడియోల పని. స్టూడియోలో విండోస్, రంగులు సరిచేసే మా తమ్ముడి దగ్గర మ్యాక్, ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం). 2 టీబీ డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో (డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేసిన రోజు నుంచి ఈ మూడింటి మధ్య దాన్నే తిప్పుతున్నాను, ఆ సుఖం అంతా ఇంతా కాదు. అలాంటిదే పాత పద్ధతి ఫ్యాట్32కి 4 జీబీ ఫైలే పట్టదు, మా ముహూర్తం క్లిప్పు ఒక్కటే అంతకు మించుతుంది. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుందే గానీ దానిమీద రాయదు. ఉబుంటు 18.04లో మాత్రం ఎక్స్‌ఫ్యాట్ కోసం విడిగా ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చింది. 2020లో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 5.7లో శాంసంగ్ రాసిన డ్రైవర్ చేరాక ఆ బాధా పోయింది.

నిరుడు మాఘమాసం పెళ్లిళ్లప్పుడు స్టూడియోలో కాపీ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే పాడైంది. రాత్రి డిస్కు తమ్ముడికిచ్చి ఇంటికొచ్చానో లేదో ఫోను: "అన్నా, డిస్కు కనపడట్లేదు." లైటు వెలుగుతోంది, లోపల తిరుగుతున్న చప్పుడూ ఉంది, మ్యాక్‌లో ఫైళ్లు చూపే ఫైండర్‌లో మాత్రం లేదు. వాడు కేబుల్ మార్చాడు, రెండుసార్లు పీకి పెట్టాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. చివరికి ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపే యాక్టివిటీ మానిటర్ చూడమంటే అందులో ఎఫ్‌ఎస్‌సీకే నడుస్తోంది. అంటే మ్యాక్ లోపల్లోపల డిస్కును తనిఖీ చేస్తోంది, మేం పీకినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది. ముట్టుకోవద్దన్నాను. నలభై నిమిషాలకు దానంతటదే వచ్చింది. తలంబ్రాల ఫోల్డర్‌లో చివరి రెండు క్లిప్పులు తెరుచుకోలేదు. కెమెరా కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి సరిపోయింది.

ఎన్‌టీఎఫ్‌ఎస్, లైనక్స్ వాడే ఎక్స్‌టీ4 చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటాయి, మధ్యలో కరెంటు పోతే ఆ చిట్టా చూసి లోపలి లెక్క సర్దుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. అందుకే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టికలన్నీ మొదటి నుంచి తిరగేయాల్సి వచ్చింది.

సుఖం అన్నాను గదా, అదీ పెద్ద ఫైళ్ల వరకే. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేస్తే ఇంత డిస్కుకు క్లస్టర్, అంటే ఫైలుకు ఇచ్చే కనీస చోటు, 128 కేబీ. 1 కేబీ ఫైలైనా అంత చోటూ తింటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే 60 వేల చిన్న ఫైళ్లు అందులో పడేస్తే 7 జీబీకి పైగా పోతుంది. పైగా మ్యాక్ పక్కన వదిలే, చుక్కతో మొదలయ్యే పేర్ల చిన్న ఫైళ్లు వేరే.

మా దగ్గర మూడు రకాలూ ఉన్నాయి కాబట్టి దీన్నే వాడుతున్నాను, అదీ ఫైళ్లు అటూ ఇటూ మోయడానికే. క్లిప్పుల అసలు కాపీ ఉబుంటులో ఎక్స్‌టీ4 డిస్కు మీద ఉంటోంది. విండోస్ ఒక్కటే ఉన్నవాళ్లయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలేమో. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు తమ్ముడు క్లిప్పులన్నీ తెరిచి చూశానని ఫోను చేశాకే కార్డు చెరుపుతున్నాను.