మోడ్ డయల్‌పై సి1, సి2, సి3: ఆరేళ్ల వాడకం తరువాత

నా కెమెరాలో ఫోటో తీసే పద్ధతిని ఎంచుకునే చక్రం, అంటే మోడ్ డయల్‌పై, మామూలు పద్ధతులను సూచించే పి, ఎ, ఎస్, ఎం అక్షరాల తరువాత సి1, సి2, సి3 అనే మూడు స్థానాలున్నాయి. మనకు కావలసిన సెట్టింగులను వాటిలో భద్రపరచుకోవచ్చు. కొన్న తొలి ఏడాది నేను వాటి జోలికే పోలేదు. ఆ తరువాత తీసిన ఫోటోల్లో మాత్రం అధికభాగం వాటిలో తీసినవే. సి1లో పక్షుల కోసం 1/2000 సెకను షట్టర్ స్పీడ్, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే తీవ్రతను కెమెరాయే ఎంచుకోవడం), కదిలే వస్తువును వెంటాడే ఆటోఫోకస్, వరుస షాట్లు పెట్టుకున్నాను. సి2 ఇంటి లోపల మనుషుల కోసం. సి3 ట్రైపాడ్ కోసం. అందులో ఐఎస్ఓ 100, ఎఫ్8 (లెన్సు రంధ్రం పరిమాణం), రెండు సెకన్ల టైమర్ ఉంటాయి, చేతి వణుకును సరిదిద్దే ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆగి ఉంటుంది.

ఒక ఉదయం కొలను గట్టున ట్రైపాడ్‌పై చెట్ల నీడలను తీస్తుండగా, రెల్లు పొదలోంచి కొంగ లేచింది. షట్టర్, ఐఎస్ఓ, ఫోకస్ పద్ధతి, టైమర్, స్టెబిలైజేషన్ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ కూర్చుంటే అది ఆవలి గట్టు దాటిపోయేదే. డయల్‌ను రెండు మెట్లు తిప్పగానే అన్నీ ఒక్కసారిగా మారాయి, కొంగ దక్కింది.

నా అసలు ఫిర్యాదు కెమెరా జ్ఞాపకం గురించి. మరోసారి వెలుగైన ఆకాశం ముందు ఎగిరే గద్ద కోసం సి1లో ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటో వెలుగును, +1.3కు పెంచి ఎదురుచూశాను. ఈలోగా బ్యాటరీ పొదుపు కోసం కెమెరా నిద్రలోకి జారుకుంది. లేచేసరికి నా మార్పును వదిలేసి, భద్రపరచిన సున్నాకు తిరిగి వెళ్లింది. వరుసగా తీసిన ఫోటోలన్నిటిలో గద్ద నల్లని ఆకారంగానే మిగిలింది. మార్పులను తనంతట తానే భద్రపరచుకునే ఎంపిక మెనూలో ఉంది కానీ, దాన్ని వాడితే ప్రతి తాత్కాలిక సవరణా శాశ్వతమై, నెల తిరిగేసరికి సి1లో ఏముందో మనకే తెలియని పరిస్థితి వస్తుంది. డయల్ తిప్పినప్పుడో, స్విచ్ ఆపినప్పుడో పాత విలువలకు వెళ్లడం సబబే. నిద్రను కూడా ఆపివేతగా లెక్కించడమే పొరపాటు.

చేసిన మార్పును ఉంచాలా, వదిలేయాలా అన్న ప్రశ్నకు తయారీదారులందరి జవాబూ ఒకటి కాదు. 2010లో వచ్చిన నికాన్ డి7000 డయల్‌పై ఇలాంటి స్థానాలే యు1, యు2 ఉన్నాయి; 2017 నాటి డి850లో వాటికి బదులు షూటింగ్ మెనూ బ్యాంకులు, అంటే మెనూలోంచి ఎంచుకునే సెట్టింగుల సముదాయాలు, ఉన్నాయి. బ్యాంకులో చేసిన మార్పు మనం తిరిగి మార్చేవరకు అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల ఆశ్చర్యాలు తక్కువ, కానీ ఒక్క తిప్పుతో తెలిసిన చోటికి చేరే భరోసా ఉండదు. పక్షుల కోసమైతే నేను ఆ భరోసానే ఎంచుకుంటాను.

డయల్ నడుమ ఉన్న తాళం మీట మొదట చికాకు పెట్టినా, సంచిలో డయల్ దానంతట అది తిరగకుండా కాపాడుతోంది. సి2 అన్న గుర్తుకు మనం పేరు పెట్టుకునే వీలు మాత్రం లేదు.

ప్రస్తుతం నిద్ర సమయాన్ని ఒక నిమిషం నుంచి ఎనిమిది నిమిషాలకు పెంచి, అదనపు బ్యాటరీ వెంట ఉంచుకుంటున్నాను. సెట్టింగుల నకలును మెమరీ కార్డులోనూ దాచాను; ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాక ఒకసారి మూడు స్థానాలూ ఖాళీ అయినప్పుడు, వాటిని గుర్తు తెచ్చుకుని మళ్లీ నింపడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.