ఈగ్రెప్ వదిలేసి మూడేళ్లు: వాడినవాడి మాట

సర్వర్ల పనిలో చేరిన మొదటి వారంలోనే చేతికి పట్టుబడిన కమాండ్ ఈగ్రెప్, ఫైళ్లలో కావలసిన మాటలున్న లైన్లను వెతికిపెట్టేది. లాగ్‌లో, అంటే సర్వర్ తన పనుల్ని రాసుకునే ఫైల్‌లో, 'ఎర్రర్' గానీ 'ఫేటల్' గానీ ఉన్న లైన్లు కావాలంటే రెండు మాటల మధ్య నిలువు గీత పెట్టి కొడితే చాలు, వచ్చేసేవి. 2022 సెప్టెంబరులో, ఈగ్రెప్‌ను కూడా కలిపి ఇచ్చే గ్నూ గ్రెప్ ప్రోగ్రామ్ 3.8 వెర్షన్ వచ్చాక మాత్రం ఈగ్రెప్ కొట్టిన ప్రతిసారీ, దీనికి కాలం చెల్లుతోంది, గ్రెప్ -ఇ వాడుతున్నాం అంటూ ఒక హెచ్చరిక లైన్ మొదలైంది. మాటను ఉన్నదున్నట్టు వెతికే ఎఫ్‌గ్రెప్‌కీ అదే గతి.

ఆ ఒక్క లైన్ మాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. లాగ్‌లో ఈగ్రెప్‌తో తప్పులు వెతికి, దొరికిన లైన్లు లెక్కపెట్టి, సున్నా కాకపోతే ఫోన్‌కి అలర్ట్ పంపే స్క్రిప్టు ఒకటి ఉండేది. హెచ్చరికలు వెళ్లే ఎర్రర్ అవుట్‌పుట్ కూడా మామూలు అవుట్‌పుట్‌లో కలిసేలా ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. సర్వర్ అప్‌గ్రేడ్ అయ్యాక లాగ్ శుభ్రంగా ఉన్నా లెక్క ఒకటి వచ్చేది. లాగ్ తెరిస్తే ఏమీ లేదు, అలర్ట్ ఆగదు, ఒకటే టెన్షన్. రెండో రాత్రి స్క్రిప్టులోని లైన్‌ను విడిగా నడిపి చూస్తే, ఆ ఒకటి హెచ్చరికే.

ఇది ఉన్నట్టుండి తీసుకున్న నిర్ణయమేమీ కాదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలు చెప్పే పోసిక్స్ ప్రమాణం 1992లోనే ఈ రెండింటికీ కాలం చెల్లిందంది, 2001లో తీసేసింది. గ్నూ కూడా 2007 నుంచి, అంటే 2.5.3 నుంచి, వద్దంటూనే ఉంది. కానీ పదిహేనేళ్లు కాగితం మీదున్న మాటను తెచ్చి, నడుస్తున్న స్క్రిప్టు అవుట్‌పుట్‌లో పడేశారు. నాకు బాధ అక్కడే. ఇవాళ్టి ఈగ్రెప్ అంటే గ్రెప్‌ను పిలిచే నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు. అది ఊరికే అలా ఉంటే ఎవరికి బరువు?

ఇక గ్రెప్ -ఇ సంగతి. ఫలితాల్లో రవ్వంత తేడా లేదు, లోపల నడిచేది అదే కాబట్టి. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే: అది క్యాపిటల్ ఇ. చిన్న ఇ కూడా చెల్లే ఆప్షనే, కాకపోతే దాని పని వేరు. తొందరలో చిన్నది కొడితే నిలువు గీతను మామూలు అక్షరంగా తీసుకుని వెతుకుతుంది. తప్పని చెప్పదు, ఏమీ చూపించదు. లాగ్‌లో తప్పుల్లేవనుకుని మనం ముందుకెళ్లిపోతాం. ఇది నాకు హెచ్చరిక లైన్ కంటే ప్రమాదంగా అనిపిస్తుంది. అందుకే స్క్రిప్టులో పెట్టే ముందు, తప్పకుండా దొరకాల్సిన మాటతో ఒకసారి నడిపి చూస్తాను.

ఎఫ్‌గ్రెప్ బదులు గ్రెప్ -ఎఫ్‌కి (ఇదీ క్యాపిటలే) తొందరగానే అలవాటు పడ్డాను. ఐపీ అడ్రస్ వెతికేటప్పుడు అది తప్పనిసరి, లేదంటే చుక్క స్థానంలో ఏ అక్షరమున్నా దొరికిందనే అంటుంది.

మ్యాక్‌లో ఉన్నది గ్నూది కాదు, బీఎస్‌డీ అనే వేరే గ్రెప్, అక్కడ ఈగ్రెప్ ఇప్పటికీ కిక్కురుమనకుండా పనిచేస్తుంది. అందుకే లాప్‌టాప్‌లో సరిగ్గా నడిచిన స్క్రిప్టు సర్వర్‌కి వెళ్లాక హెచ్చరిక ఇస్తుంది. టీమ్‌లో కొత్తగా చేరినమ్మాయి పోయిన నెల ఇదే పట్టుకొచ్చి, "అన్నా, నా దగ్గర రావట్లేదే?" అంది. ఇద్దరం కూర్చుని ఆ ఫోల్డర్‌లో మిగిలిన ఈగ్రెప్‌లన్నీ మార్చేశాం, ఈసారి క్యాపిటల్ ఇ ఒక్కొక్కటీ తనే సరిచూసింది.