డర్హమ్‌లో ఒక రాత్రి ఉండి చూడండి

ఉత్తర ఇంగ్లండ్‌లో రెండు పాత ఊళ్ళు, యార్క్, డర్హమ్. ఇంగ్లండ్ వచ్చే మనవాళ్ళ ప్లానులో యార్క్ ఉంటుంది, డర్హమ్ ఉండదు. ఉన్నా, న్యూకాసిల్‌లో చదువుకునే పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు మధ్యాహ్నం పూట ఓ రెండు గంటలు తిరిగి, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. అమ్మానాన్నలతో రెండు ఊళ్ళూ చూశాక నా ఓటు డర్హమ్‌కే. అదీ రాత్రి ఉండగలిగితేనే.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు, న్యూకాసిల్ నుంచయితే పావుగంట. లండన్ వైపు నుంచి వస్తుంటే కుడివైపు కిటికీ సీటు చూసుకోండి. డర్హమ్ స్టేషన్‌కి కాస్త ముందు రైలు ఎత్తయిన రాతి వంతెన మీదుగా వెళ్తుంది. కింద ఇళ్ళ కప్పులు, ఎదురుగా గుట్ట మీద కతీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి), దాని పక్కనే కోట. రైల్వేలో చేసి రిటైరైన మా నాన్న, ఆ వంతెన 1857 నాటిదని తెలిశాక కతీడ్రల్ సంగతే మర్చిపోయారు.

ఊరు చిన్నదే కానీ అంతా ఎక్కుడూ దిగుడూ. గుట్టని వేర్ నది మూడు వైపులా చుట్టేస్తుంది, పైకి వెళ్ళే వీధులు రాళ్ళు పరిచినవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే స్టేషన్ దగ్గరే టాక్సీ మాట్లాడుకోండి, మొహమాటపడొద్దు. కారుంటే ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సెక్కడం నయం. గుట్ట మీదికి వెళ్ళే కార్లకి లండన్ కంటే ముందే, 2002లోనే, ఇక్కడ రుసుము పెట్టారు.

యార్క్‌లోని పెద్ద చర్చి మిన్‌స్టర్‌కి టికెట్ కొనాలి. డర్హమ్ కతీడ్రల్లోకి ఊరికే వెళ్ళొచ్చు, తోచింది హుండీలో వేస్తే చాలు. 1093లో మొదలుపెట్టి నలభై ఏళ్ళలో చాలావరకు కట్టేశారు. లోపల అడుగుపెట్టగానే ముందు కళ్ళు వెళ్ళేది స్తంభాల మీదికి. పెద్దవాటి చుట్టుకొలత 6.6 మీటర్లు, ఎత్తూ అంతే. నలుగురు చేతులు చాచి పట్టుకుంటే గానీ అందదు. ఒకదాని మీద మెలికలు తిరిగిన గాడులు, ఇంకోదాని మీద జిగ్‌జాగ్ గీతలు, మరోదాని మీద డైమండ్లు. నేను కతీడ్రల్ చరిత్ర కంటే ఆ చెక్కుడు చూస్తూనే ఎక్కువసేపు గడిపాను.

వెనకవైపు నేలలో నల్ల రాయితో ఒక గీత ఉంది. ఇది సన్యాసుల మఠంగా ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు ఆ గీత దాటి ముందుకి రాకూడదు. అమ్మకి చెప్తే, "ఇక్కడా ఇదే గొడవా!" అని నవ్వి కావాలనే అటూ ఇటూ దాటింది. కానీ పీఠం వెనకున్న సెయింట్ కత్‌బర్ట్ అనే క్రైస్తవ సాధువు సమాధి దగ్గర మాత్రం చెప్పులు ఎక్కడ విడవాలో అని వెతుక్కుంది. ఆయన 687లో పోయాడు. సముద్రం మీద వచ్చి దోచుకునే వైకింగ్ల భయంతో 875లో సన్యాసులు ఆయన పేటిక మోసుకుని లిండిస్‌ఫార్న్ దీవి వదిలారు. చోట్లు మారుతూ మారుతూ అది 995కి ఇక్కడికి చేరింది. ఒకప్పుడు రత్నాలతో మెరిసిన సమాధి ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో పోయి, ఇప్పుడు పేరు చెక్కిన రాతిపలక మిగిలింది. పాత పేటిక ముక్కలు పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి, దానికి టికెట్.

కతీడ్రల్ గోపురం 325 మెట్లు, దానికీ టికెట్. నేనొక్కణ్ణే ఎక్కాను. నన్నడిగితే ఆ డబ్బుతో టీ తాగి, ప్రెబెండ్స్ బ్రిడ్జ్ వైపు నది ఒడ్డున నడవండి. కతీడ్రల్ కింద నుంచి చూస్తేనే బాగుంటుంది.

రాత్రి ఉండమనడానికి అసలు కారణం ఈవెన్‌సాంగ్. మామూలు రోజుల్లో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో గాయకబృందం ప్రార్థన పాడుతుంది. టైం మాత్రం ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. టికెట్ లేదు, ఏ మతమని ఎవరూ అడగరు. పగలంతా తిరిగిన టూరిస్టులు అప్పటికి రైలెక్కేసి ఉంటారు. కాళ్ళు నొప్పులని సణుగుతున్న నాన్న ముప్పావుగంట కదలకుండా కూర్చున్నారు.

బస విషయానికొస్తే, కోటలోనే ఉండొచ్చు. అది ఇప్పుడు యూనివర్సిటీ హాస్టల్, విద్యార్థుల సెలవుల్లో గదులు అద్దెకిస్తారు. టిఫిన్ పాత గ్రేట్ హాల్లో. కుర్రవాళ్ళకి భలే సరదా. మెట్ల సంగతి తలుచుకుని మేం వద్దనుకుని ఊళ్ళో ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. ఫోటోల్లో కనబడని సంగతి ఏంటంటే మా గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లు ఒక మనిషికి సరిపోయేంత వెడల్పు! ఆ ఇంటావిడ పాపం తనే సూట్‌కేసు మోసింది కాబట్టి కోపం ఎక్కువసేపు నిలవలేదు. రాత్రికి వంద పౌండ్ల పైనే అయింది. ఇంత ఇచ్చేటప్పుడు గది ఏ అంతస్తులోనో ఫోన్ చేసి అడగడం మన హక్కు. జులైలో గని కార్మికుల పెద్ద ఉత్సవం, యూనివర్సిటీ పట్టాల పండగ ఉంటాయి, అప్పుడు గదులు దొరకడం కష్టం.

తిండి సోసో. శాకాహారులకి కాల్చిన బంగాళాదుంప మీద బీన్స్ పోసింది ఎక్కడైనా దొరుకుతుంది. రెండోసారి తినబుద్ధి కాదు. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర కతీడ్రల్ ముందున్న పచ్చికలో కూర్చుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

అలాగని యార్క్ మానేయమనను. ఊరంతా తిరగడానికీ, షాపింగ్‌కీ అదే మేలు. అక్కడి రైల్వే మ్యూజియంలో 1938లో గంటకి 126 మైళ్ళు పరిగెత్తిన మల్లార్డ్ ఇంజను ఉంది, ప్రవేశం ఉచితం. డర్హమ్ నుంచి యార్క్‌కి రైల్లో ముప్పావుగంటకి అటూ ఇటూ. పెద్దవాళ్ళు 60 దాటినవాళ్ళైతే ముందు స్టేషన్‌లో పాస్‌పోర్ట్ చూపించి సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోండి. టికెట్లలో మూడోవంతు తగ్గుతుంది, లండన్ నుంచి ఒక్కసారి రానూపోనూ తిరిగితే కార్డు ఖర్చులో చాలాభాగం వచ్చేసినట్టే.